తువ్వాలకు అంటిన నలుపు

మా ఇంట్లో అన్నానికి ఒక పరీక్ష ఉండేది. మా బాపు యోనా బొగ్గుబాయి నుంచి షిఫ్టు దిగి వచ్చి, పెరట్లో కుళాయి కింద స్నానం చేసి, తెల్ల తువ్వాలతో మొహం తుడుచుకుని, ఆ తువ్వాలను నన్ను కన్న అవ్వ సుసన్నకు చూపించాలి. నలుపు కనబడితే మళ్లీ కుళాయి కిందికే. కనబడకపోతేనే కంచం. గోదావరిఖని కంపెనీ క్వార్టర్లలో ఇంకెవరూ కొనని తెల్ల తువ్వాళ్లు మా అవ్వ ఏరికోరి కొనేది. బాయిలో నలుపు బాయిలోనే ఉండాలి, ఇంట్లోకి రాకూడదు అనేది. బాపు తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి బొగ్గెత్తి, టబ్బులనే ఇనుప బండ్లు నింపిన మనిషి. రెక్కలు పడిపోయేంత పని చేసి వచ్చి కూడా బడిపిల్లాడిలా తువ్వాల పట్టుకుని నిలబడేవాడు. నాకు నవ్వొచ్చేది.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. బాక్సింగులో ఇన్నేళ్లు తన్నులు తిని, ఆ తువ్వాల పరీక్షకు నిలబడే గెలుపు నాకు ఒక్కటైనా ఉందా అని వెతుక్కునే గతి పట్టింది. బెల్టులూ కప్పులూ ఎవరికి కావాలి? ఇది నాదే, శుభ్రంగా నాదే అని అవ్వ ముందు పెట్టగలిగే గెలుపు ఒక్కటి చాలు.

నాకు మొదట గ్లౌజులు తొడిగింది ఎల్లన్న. కంపెనీలో ఫిట్టర్. డ్యూటీ దిగాక కాలనీ గ్రౌండులో పిల్లలకు బాక్సింగ్ నేర్పేవాడు. పాతబడిన కన్వేయర్ బెల్టు ముక్కను సంచిలా కుట్టి, అందులో ఇసుక నింపి వేలాడదీశాడు. దాన్ని గుద్దితే నొప్పి భుజాల దాకా పాకేది. ఎల్లన్న దగ్గర నేర్చుకున్నన్నాళ్లూ నాకు ఏ రోతా తెలియదు. రోత జిల్లా దాటాకే మొదలైంది.

అమెచ్యూర్ అంటే డబ్బు కోసం కాక ఇష్టం కొద్దీ ఆడేవాళ్లట. ఎవరి ఇష్టమో మాత్రం ఎవరూ చెప్పలేదు. జట్టు ఎంపికలప్పుడు ఒక పెద్దమనిషి ఆడపిల్లల బరువు తానే చూస్తాననేవాడు. త్రాసు మీద నిలబడ్డ పిల్ల నడుము మీద చెయ్యి వేసి "ఊపిరి వదులు తల్లీ" అనేవాడు. ఆ 'తల్లీ' అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లంతా కంపరమే. నా వంతు వచ్చినప్పుడు ఆ చెయ్యి తోసేశాను. ఆ ఏడు ఫైనల్లో ఎదుటి పిల్ల ముక్కు పగిలి, కాళ్లు తడబడుతూ నిలబడితే, రెఫరీ ఆమె చెయ్యే ఎత్తాడు. ఇంటికొచ్చి చెబితే అవ్వ పప్పు ఎనుపుతూ, "బైబిల్ల న్యాయాధిపతి పేరని నీకు డెబోరా అని వెట్టిన. గా పేరు ఆళ్లకు వెట్టాల్సింది" అంది.

అందుకే వేణుమాధవ్ హైదరాబాద్ నుంచి కారులో వచ్చి ప్రొఫెషనల్‌గా ఆడమన్నప్పుడు, మా ఇంట్లో అందరికంటే ముందు నేనే తలూపాను. ఆయన పోటీలు పెట్టి, టిక్కెట్లు అమ్మి, ఫోన్లలో చూపించి వ్యాపారం చేసే మనిషి. తలకు గార్డు ఉండదు, గ్లౌజు చిన్నది, దెబ్బ గట్టిది, కూలి కూలే అన్నాడు. వరసగా మూడు గెలిస్తే టైటిల్‌కు ఆడిస్తానన్నాడు. ఆయన ఒంటి మీద కొట్టుకున్న సెంటు మా ఇంట్లో మర్నాటి దాకా ఉంది. అవ్వ తలుపులన్నీ తీసిపెట్టింది. పెనం మీంచి పొయ్యిలో పడతావని ఎల్లన్న చెప్పాడు గానీ, పెనం మీద అప్పటికే మాడిపోయిన దాన్ని, నేను వినలేదు.

మొదటి పోటీ రోజే తెలిసింది. రింగులోకి వెళ్లే ముందు ఒక మేకప్ మనిషి వచ్చి నా బుగ్గలకూ నుదుటికీ నల్లరంగు పూశాడు. 'బొగ్గు బిడ్డ' అని మైకులో అరిచారు. నా ముందు నడవడానికి మా బాపుకు ఒక నారింజరంగు ప్లాస్టిక్ టోపీ పెట్టారు. హార్డువేర్ దుకాణంలో దొరికే సరుకు. దానికి ముందువైపు ఒక టార్చిలైటు అంటించారు. బాయిలో దిగేవాడు దీపాన్ని ల్యాంపు రూములో తీసుకుంటాడు, పైకి రాగానే అక్కడే అప్పజెప్తాడు. దీపం రాకపోతే మనిషి రాలేదని లెక్క. అలాంటి దీపాన్ని తల మీద పెట్టుకుని, పాటకు తగ్గట్టు చెయ్యి ఊపుకుంటూ మా బాపు కుర్చీల మధ్య నడిచాడు. నా కోసమే ఊపాడు. నేను తల దించుకున్నాను.

ఎదురుగా నిలబడ్డామె పేరు ముందు 'బెంగాల్ పులి' అని తగిలించారు. ఆ పులి నా గ్లౌజు తగలకముందే పడిపోయింది. నేను రింగులో నిలబడి ఆమె వైపే చూస్తున్నాను. పడుకునే ఒక కన్ను తెరిచి, రెఫరీ ఎంతవరకు లెక్కపెట్టాడో చూసి, మళ్లీ మూసుకుంది. రెండో పోటీలో వచ్చినామె కాస్త మర్యాదస్తురాలు, దెబ్బ తిన్నాకే పడింది. పేపర్లలో నా ఫోటో వచ్చింది. కాలనీలో మిఠాయిలు పంచారు. నా వాటా మిఠాయి పక్కింటి పిల్లలకు ఇచ్చేశాను.

బాపును బాధపెట్టింది మాత్రం వేరే. రెండో పోటీ ఫోనులో చూసి, "ఏ బాయిల దిగినోని మొకం గట్లుంటది? అది కాటుక. బొగ్గయితే మెరుస్తది" అన్నాడు. దొంగ గెలుపు కంటే దొంగ నలుపే ఆయనకు పెద్ద అవమానమైంది. బొగ్గు మీద బతికినవాళ్ల పౌరుషం అలాంటిది. మూడో పోటీకి ఆయనే మంచి బొగ్గు ఏరి తెచ్చి, రోట్లో దంచి, బట్టలో జల్లించి, ప్లాస్టిక్ కవరులో కట్టాడు. అడుసు తొక్కనేల కాలు కడుగనేల అని అవ్వ గొణిగింది. కవరు చూసి వేణుమాధవ్ మొహం వెలిగిపోయింది. మొహం చీలకుండా మాకు వాజిలిన్ రాస్తారు. అందులో ఆ పొడి కలిపి నాకు దట్టంగా పట్టించారు. లైట్ల కింద అది నిజంగానే మిలమిల మెరిసింది. బాపు దగ్గరగా వచ్చి చూసి, ఇప్పుడు సరిగ్గా ఉందన్నాడు.

మూడో పోటీ హైదరాబాద్‌లోనే, పెద్ద హాలులో. ఎదుటి పిల్ల యమున. పందొమ్మిదేళ్లు ఉంటాయేమో. 'హర్యానా ఆడసింహం' అని పోస్టరు వేశారు. బరువు చూసే రోజు ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు, ఉరిమి చూసి వెళ్లిపోయింది. అయితే ఈ పిల్ల పడిపోయే రకం కాదు. గంట మోగగానే ఆమె ఎడమచేతి దెబ్బ నా నోటి మీద పడింది. రక్తం రుచి తగిలింది. ఎన్నాళ్లకో నాకు ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య, ఈమె నిజంగానే కొడుతుంది అనుకున్నాను.

ఆ సంబరం ఎంతోసేపు లేదు. చెమటకు నా నుదుటి మీది బొగ్గు కరిగి కారుతోంది. దగ్గరగా వచ్చి పెనుగులాడినప్పుడల్లా నా మొహం ఆమె మొహానికి రాసుకుంటోంది. రెండో రౌండు సగానికి వచ్చేసరికి ఆమె దెబ్బలు గాలిలో పోవడం మొదలైంది. రెప్పలు టపటప కొడుతోంది. నేను కొట్టాను, తగిలింది. మళ్లీ కొట్టాను, తగిలింది. హాలంతా లేచి నిలబడి 'బొగ్గు బిడ్డ' అని ఊగిపోతోంది. ఆమె నా భుజం మీద వాలి, పళ్ల గార్డులోంచే అంది.

"అక్కా, ఆగవే. కండ్లు మండుతున్నయ్. ఏం కనవడ్తలేదు."

హర్యానా ఎక్కడ, ఈ మాట ఎక్కడ. మా గోదావరి అవతలి ఒడ్డు మాట. నేను చేతులు దించేశాను. ఆడమని రెఫరీ అరిచాడు. నేను కదల్లేదు. అదృష్టం కొద్దీ గంట మోగింది.

ఆమె మూలకు వెళ్లి కూర్చుంది. ఆమెకు సాయంగా పెట్టిన మనిషి కూడా వేణుమాధవ్ జీతగాడే. తువ్వాలతో ఆమె కళ్లు బరబర రుద్దుతున్నాడు. బాపు నా మూల నుంచి ఆ ప్లాస్టిక్ టోపీతోనే అరిచాడు. "నలుపకు బిడ్డా! బొగ్గు గుచ్చుకుంటది, నలుపకు!" తను దంచిన బొగ్గు ఎక్కడ పడిందో ఆయనకు అప్పుడు అర్థమైంది.

బాయిలో టబ్బులు నింపే ఫిల్లర్లు జోడీగా పని చేసేవారు. ఒకరి కంట్లో బొగ్గు నలుసు పడితే, వేలు పెట్టడానికి వేళ్లన్నీ బొగ్గే. రెండోవాడు దీపం దగ్గరగా పెట్టి, రెప్ప ఎత్తించి, నాలుక కొనతో ఆ నలుసు తీసి ఉమ్మేసేవాడు. మళ్లీ ఇద్దరూ చెమ్మస్ పట్టేవారు. ఎవరూ ఛీ అనుకోరు. చిన్నప్పుడు కాలనీలో గాలి లేచి నా కంట్లో నలుసు పడితే బాపు నాకూ అలాగే తీసేవాడు.

నేను పళ్ల గార్డు ఉమ్మేసి, నోరు పుక్కిలించి ఆమె మూలకు నడిచాను. రెఫరీ అడ్డం వచ్చి ఇది రూల్సులో లేదన్నాడు. కంట్లో బొగ్గు పోసి కొట్టడం ఉందా అని అడిగాను. ఆయన పక్కకు జరిగాడు. నా చేతులకు గ్లౌజులు. అందుకని ఆమె సాయగాడినే రెప్ప ఎత్తమన్నాను. యమున తల వెనక్కి వాల్చింది. ఒక కన్ను, తర్వాత రెండోది. ఉప్పగా, గరగరగా, వాజిలిన్ జిడ్డుతో నాలుకకు తగిలింది. బకెట్లో ఉమ్మేశాను. హాలులో ఎవరెవరో "ఛీ, యాక్" అన్నారు. ఇందాక గుడ్డిపిల్లను కొడుతుంటే ఈలలు వేసిన నోళ్లే అవి. తర్వాత ఒక్కసారిగా ఫోన్లన్నీ పైకి లేచాయి.

యమున రెప్పలార్చి, "కనవడ్తుందక్కా" అంది. ఏ ఊరని అడిగాను. మంచిర్యాల పక్క జైపూర్ అంది. మా ఇంటి నుంచి బస్సెక్కితే టీ చల్లారేలోపు వచ్చే ఊరు.

బాపు రింగు ఎక్కి, సంచిలోంచి తెల్ల తువ్వాల తీసి, నా మొహం తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూ తువ్వాల చూస్తున్నాడు, మళ్లీ తుడుస్తున్నాడు. కింద నుంచి వేణుమాధవ్ పళ్లు కొరుకుతూ ఆపమంటున్నాడు. బాపు ఆపలేదు. మిగిలిన రెండు రౌండ్లూ యమున కళ్లు తెరిచి కొట్టింది. తల నుంచి పొట్ట దాకా వదలకుండా కొట్టింది. నేనూ కొట్టాను. చివరికి ఆమె చెయ్యి ఎత్తారు. ఓడిపోయానన్న బాధ ఉంది. లేదని అబద్ధమాడను. మూడు గెలుపులూ, టైటిలూ అక్కడితో సరి.

బట్టలు మార్చుకునే గదిలోకి వేణుమాధవ్ వచ్చేసరికి తిట్లు తినడానికి తయారుగా ఉన్నాను. ఆయన నవ్వుతున్నాడు. ఫోను నా మొహానికి పెట్టాడు. నేను యమున కన్ను శుభ్రం చేస్తున్న వీడియో. వెనక ఏడుపు సంగీతం అప్పుడే కలిపేశారు.

"దేశమంతా ఇదే చూస్తోంది డెబోరా. జనం ఏడుస్తున్నారు. ఓడిపోతే పోయావ్, నీ టైటిల్ పోటీ ఖాయం. అందులోనూ ఇలాగే చేద్దాం. రెండో రౌండు తర్వాత."

"ఎవరి కంట్ల?" అని అడిగాను.

"ఎవరో ఒకరు. పిల్లను నేను వెతికిపెడతాను. పొడి మీ నాన్న తెస్తాడుగా."

నాలుక మీద జిడ్డు ఉన్నప్పుడు రాని వాంతి ఆ మాటకు వచ్చింది. బాపు ఆ ప్లాస్టిక్ టోపీ తీసి, ఆయన పక్కన బల్ల మీద మెల్లగా పెట్టాడు. బాయిలో పై అధికారి ఓవర్‌మన్ ముందు కూడా గొంతెత్తని మనిషి, ఇప్పుడూ ఎత్తలేదు.

"సారూ, జోడీ కంట్ల బొగ్గు వడ్తె తీస్తం. తీసి సూపెట్టనీకి పొయ్యం."

వేణుమాధవ్‌కు అర్థం కాలేదు. ఆయనకు అర్థమయ్యేలా నేను చెప్పాను. మళ్లీ మా గడప తొక్కితే నల్లరంగు లేకుండానే నీ మొహం నల్లగా చేసి పంపుతానన్నాను.

టైటిల్ రాలేదు. వచ్చేది కాదు. ఎల్లన్నే తిరిగి తిరిగి, మంచిర్యాలలో ఒక కల్యాణమండపంలో పోటీ పెట్టించాడు. యమునతోనే. కూలి తక్కువైనా కూలే, లైసెన్సు ఉన్న రెఫరీయే, ప్రొఫెషనల్ పోటీయే. పాట లేదు, సింహం లేదు, పులి లేదు. పోస్టరు మీద 'గోదావరిఖని డెబోరా, జైపూర్ యమున' అని మాత్రం రాశారు. కుర్చీలు సగం ఖాళీ. ముందు వరసలో బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఏ టోపీ లేని తలతో కూర్చున్నాడు. పక్కన అవ్వ. నా పోటీకి అవ్వ రావడం అదే మొదలు.

ఆ పోటీ గురించి గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు. ఇద్దరమూ ఒళ్లు దాచుకోకుండా కొట్టుకున్నాం. ఆమె నా ముక్కు పగలగొట్టింది. నేను ఆమెను ఒకసారి కింద కూర్చోబెట్టాను. చివరికి రెఫరీ నా చెయ్యి ఎత్తాడు. యమున నా చెవిలో, మళ్లీ ఆడాలె అక్కా, నిన్ను ఇడువ అంది.

కిందికి దిగితే అవ్వ నిలబడి ఉంది, చేతిలో తెల్ల తువ్వాల. నా మొహం తుడిచింది. నుదురు, బుగ్గలు, ముక్కు, గడ్డం. తర్వాత తువ్వాలను దీపం వైపు ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసింది. ఎర్రగా తడిసిపోయి ఉంది.

"నెత్తురే. నలుపు లేదు" అంది బాపుతో. తర్వాత నా వైపు తిరిగి, సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసింది.

"కూసో బిడ్డా. అన్నం తిను."