బ్రదర్ క్లోవిస్ చేసిన సేవ

బ్రదర్ క్లోవిస్ విప్లవం గురించి మొదలుపెట్టాడంటే వెర్లీన్ సగ్స్ గిన్నెలు మరింత చప్పుడు చేస్తూ తోమేది. చర్చి కింద నేలమాళిగలో ఆ చప్పుడు గోడలకు తగిలి తిరిగొచ్చేది. అయినా అతను గొంతు పెంచేవాడే గాని ఆపేవాడు కాడు.

ఒహాయోలో లోరిమర్ అనే ఉక్కు మిల్లుల ఊళ్లో, నల్లవాళ్ల పేటలో జరిగిన సంగతి ఇది. వియత్నాం యుద్ధం సాగుతూనే ఉంది. బడికి ఖాళీ కడుపుతో పోయే పిల్లలకు పొద్దున్నే ఇంత జావ, రెండు రొట్టెలు పెడదామని వెర్లీన్ ఆ నేలమాళిగలో వంట మొదలుపెట్టింది. ఆమెకు యాభై దాటాయి. ఆసుపత్రి బట్టలు ఉతికి ఉతికి చేతులు బండబారాయి, నాలుక మాత్రం పదునుగానే ఉంది. పేటలో యువకులు నలుగురు వచ్చి చేరారు. సాయంత్రాలు ఓటు గురించీ, అద్దె ఇళ్ల గురించీ, యుద్ధానికి పిలుపు అందుకున్న కుర్రాళ్ల గురించీ మాట్లాడుకునేవారు. పిల్లల కంచాలు నింపడం తప్ప ఆ నేలమాళిగలో ఏ కుట్రా జరగలేదు. కాని పై అధికారులకు జావ గిన్నె కూడా ఫిరంగిలాగే కనిపించే రోజులవి.

క్లోవిస్ మ్యాడ్రీ ఆ వసంతంలో దిగాడు. పొడుగాటి నల్ల తోలు కోటు, నేలమాళిగలో కూడా తియ్యని నల్ల కళ్లద్దాలు. వియత్నాంలో పోరాడి వచ్చానన్నాడు. ఉద్యోగం లేదన్నాడు.

"పిల్లలకి జావ పోస్తే తెల్లోడి రాజ్యం కూలుద్దా సిస్టర్? తుపాకీ పట్టాలి" అన్నాడు మొదటి రోజే.

"కూలదు నాయనా. ముందు ఆ గరిటె పట్టు" అంది వెర్లీన్.

ఉద్యోగం లేనివాడికి ఆకుపచ్చ ప్లిమత్ కారూ, దానికి కొత్త టైర్లూ ఎలా వచ్చాయని ఆమె అప్పుడే అనుకుంది. సంగతి తేల్చింది మాత్రం పోలీసులే. చర్చి ముందు నిలిపిన కార్ల మీద కక్షకొద్దీ జరిమానా చీటీలు అంటించిపోవడం వాళ్లకు వారం వారం సరదా. అద్దం మురికిగా ఉందని ఒకదానికి, చక్రం కాలిబాట అంచుకి దూరంగా ఉందని ఇంకొకదానికి. ఎన్నిసార్లు వచ్చినా ఆ ఆకుపచ్చ ప్లిమత్ మీద ఒక్క చీటీ పడలేదు. గూఢచారిని పంపినవాళ్లకు ఆ మాత్రం ఇంగితం లేకపోవడం చూసి వెర్లీన్‌కు కోపం కంటే అసహ్యం ఎక్కువ కలిగింది. మోసం చెయ్యడానికైనా కాస్త శ్రమ పడాలనిపించలేదు వీళ్లకు, మనమంటే అంత చులకన.

చర్చి పెద్ద హోసియా ప్రూయిట్‌తో ఒక్కడితోనే చెప్పింది. మిల్లులో రెండు వేళ్లు పోగొట్టుకున్న ముసలాయన, గుట్టు దాచగలవాడు.

"మెడ పట్టుకుని గెంటేద్దామా?" అన్నాడాయన.

"గెంటితే ఇంకొకణ్ణి పంపుతారు. వాడికి బుర్ర ఉంటే ఏం చేస్తాం? వీడైతే మనకి తెలిసినోడు. పైగా కారుంది, పెట్రోలు సర్కారు పోయిస్తది. ఆ ముసలి మిసెస్ ఓడమ్ కళ్లాసుపత్రికి రెండు బస్సులు మారి పోతోంది కదా."

హోసియా నవ్వాపుకోలేక దగ్గాడు.

ఆ రోజునుంచీ లోరిమర్ నల్లవాళ్ల పేటకు ప్రభుత్వం తెలియకుండానే గొప్ప సేవ చేసింది. క్లోవిస్ పిండి బస్తాలు మోశాడు. ముసలమ్మల్ని ఆసుపత్రికి దించాడు, తీసుకొచ్చాడు. ఉల్లిపాయలు తరిగేటప్పుడైనా కళ్లద్దాలు తియ్యమంటే ఒప్పుకోలేదు, అదొక్కటే అతనికి దక్కిన లాభం. సాయంత్రాలు హోసియా తన తాతల కాలంనుంచీ మొదలుపెట్టి జార్జియాలో పత్తి చేల గురించి గంటలకొద్దీ చెబుతుంటే ఎదురుగా కూర్చుని ఒక్క మాట వదలకుండా విన్నాడు పాపం. జావలో ఎండుద్రాక్ష వెయ్యాలా వద్దా అని ఆడవాళ్లు వాదులాడుకుంటే అదీ విన్నాడు. ఇదంతా ఏదో ఆఫీసులో ఎవరో టైపు కొట్టి, ఇంకెవరో చదివి, ముద్ర వేసి బీరువాలో పెడుతున్నారని తలుచుకుని వెర్లీన్ ఇంటికెళ్లాక కూడా నవ్వుకునేది. ఏళ్ల తరబడి టీవీలో యుద్ధం గెలుస్తూనే ఉన్న పెద్దమనుషులు వీళ్లే కదా.

ఆమె మరిచిపోయిందొకటే. జీతగాడికి జీతం ఆగకూడదంటే ఏదో ఒకటి పట్టుకెళ్లాలి.

రెనెటా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే ఇరవైరెండేళ్ల పిల్ల, నేలమాళిగలో వంటకు సాయం వచ్చేది. తమ్ముడు ఆల్విన్ వియత్నాం నుంచి పెట్టెలో తిరిగొచ్చాడు. జెండా కప్పి తెచ్చిన ఆ పెట్టెకు ఊళ్లో పెద్ద సమాధుల తోటలో చోటు లేదన్నారు. చోటుంది, తెల్లవాళ్ల పక్కన లేదు. అప్పటినుంచీ ఆ పిల్ల నవ్వడం ఎవరూ చూడలేదు. క్లోవిస్ ఆమె పక్కన చేరాడు.

"ఆ కోటుగాడితో తిరక్కే పిల్లా. వాడిది ఉత్త నోరే" అంది వెర్లీన్ ఒకనాడు, రొట్టెలు తిరగేస్తూ.

"నోరైనా ఉంది అతనికి. ఇక్కడందరూ పిల్లలకి తిండి పెట్టుకుంటూ కూర్చున్నారు. నా తమ్ముణ్ణి పూడ్చడానికి ఆరడుగుల నేల ఇవ్వనోళ్లకి జావతో బుద్ధొస్తదా మిస్ వెర్లీన్?"

వాడు పోలీసుల మనిషన్న మాట వెర్లీన్ నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే రెనెటా అప్పటికప్పుడు పెనం తీసుకుని వాడి బుర్ర పగలగొడుతుంది. తర్వాత కొత్తవాడొస్తాడు. ముసలమ్మలు మళ్లీ బస్సులెక్కుతారు. వెర్లీన్ ఇంకో రొట్టె తిరగేసింది.

ఆకులు రాలే రోజుల్లో క్లోవిస్ ఒక అట్టపెట్టె తెచ్చి రెనెటా గదిలో పెట్టాడు. పుస్తకాలన్నాడు, వచ్చేవారం తీసుకెళ్తానన్నాడు. మర్నాడు పొద్దున్నే పోలీసులు తలుపు విరగ్గొట్టుకుని లోపలికొచ్చి వేరే ఏదీ వెతక్కుండా తిన్నగా ఆ పెట్టె దగ్గరికే నడిచారు. లోపల డైనమైట్. ఉక్కు మిల్లు పేల్చడానికి కుట్ర అని పత్రికలు రాశాయి. పేట మొత్తం కలిసినా కట్టలేనంత జామీను అడిగారు. చర్చి పాస్టరుగారు ఆ ఆదివారమే శాంతి గురించి ప్రసంగించి, సోమవారం నేలమాళిగకు తాళం వేయించారు. దేవుడికి భయపడటం ఆయన ఎప్పుడో మానేశాడు, మేయరుకు భయపడటం మాత్రం మానలేదు. వెర్లీన్ పొయ్యి తన ఇంటికే మార్చుకుంది. మెట్ల మీద కూర్చుని తిన్నారు పిల్లలు.

క్లోవిస్ మళ్లీ కనిపించింది కోర్టులోనే, ప్రభుత్వం తరఫు సాక్షిగా. అప్పటికి మళ్లీ ఎండాకాలం వచ్చింది. రెనెటా జైలు గౌనులో సగానికి సగం చిక్కిపోయి ఉంది. క్లోవిస్ బూడిదరంగు సూటు వేసుకుని, కళ్లద్దాలు లేకుండా వచ్చాడు. ఇన్నాళ్లూ దాచుకున్న ఆ కళ్లు చూస్తే వెర్లీన్‌కు ఏమంత దాచాల్సిన వస్తువుల్లా అనిపించలేదు.

రెనెటా తరఫున క్లీవ్‌లాండ్ నుంచి వచ్చిన కుర్ర లాయరు ఫెల్డ్‌స్టైన్ లేచాడు.

"ఈ బృందం సమావేశాలన్నిటికీ వెళ్లారు కదా. ఎక్కువగా దేని గురించి చర్చించేవారు?"

క్లోవిస్ నసిగాడు. "జావ గురించండి."

"జావ గురించి ఏమిటి?"

"ఎండుద్రాక్ష వెయ్యాలా వద్దా అని."

"తేలిందా?"

"లేదండి."

జ్యూరీలో ఒక లావాటాయన నోటికి చెయ్యడ్డం పెట్టుకున్నాడు.

"డైనమైట్ అన్న మాట ఆ గదిలో మొట్టమొదట ఎవరి నోట వచ్చింది?"

క్లోవిస్ ప్రభుత్వ లాయరు వైపు చూశాడు. ఆయన కాగితాల వైపు చూసుకున్నాడు.

"నేనే అన్నానేమోనండి."

"తర్వాత ఎవరన్నారు?"

"తర్వాత కూడా నేనేనండి."

వెర్లీన్‌ను సాక్షిగా పిలిచినప్పుడు ఆదివారం టోపీ పెట్టుకుని వెళ్లి కూర్చుంది. ప్రభుత్వ లాయరు ఆమెను బోనులో బిగిద్దామనుకున్నాడు.

"మ్యాడ్రీ పోలీసుల మనిషని మీకు ముందే తెలుసంటున్నారు. ఎప్పట్నుంచి?"

"వచ్చిన నెల్లోనే తెలిసింది."

"మరెందుకు రానిచ్చారు?"

"కారుంది బాబూ."

హాలంతా నవ్వింది. జడ్జి సుత్తి కొట్టాడు.

"అతని దగ్గర దాచవలసినదేదీ లేదా మీకు?"

"ఉంది. పంచదార. కప్పుకి నాలుగు చెంచాలేసుకునేవోడు."

జ్యూరీలో ఇద్దరు తప్ప అందరూ తెల్లవాళ్లే. ఆ లావాటాయన కోటుకు జెండా బొమ్మ పెట్టుకునే వచ్చాడు. వెర్లీన్ వాళ్లమీద ఏ ఆశా పెట్టుకోలేదు. కాని వాళ్లూ మిల్లు మనుషులే. వాళ్ల కొడుకులూ అదే యుద్ధానికి పోయారు. పెద్దలు టీవీలో చెప్పేది వినీ వినీ వాళ్లకూ చెవులు మొద్దుబారాయి. రెనెటా నిర్దోషి అన్నారు. తీర్పు చదివేటప్పుడు ఆ లావాటాయన క్లోవిస్ కూర్చున్న వైపు ముఖం కూడా తిప్పలేదు.

కోర్టు మెట్ల మీద పేటవాళ్లు రెనెటాను చుట్టుముట్టి కౌగిలించుకుంటున్నారు. ఆమె అందరినీ తప్పించుకుని వెర్లీన్ ముందుకొచ్చి నిలబడింది.

"వచ్చిన నెల్లోనే తెలుసా?"

"తెలుసే."

"నేను ఆడితో తిరిగేటప్పుడూ తెలుసు."

"తిరగొద్దని చెప్పాను కదే."

"ఉత్త నోరే అన్నారు. పోలీసోడని చెప్పలేదు." ఆ పిల్ల గొంతు పెరగలేదు. "ఆళ్లు నన్ను మనిషిగా చూడలేదు, సరే. ఆళ్ల సంగతి నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. మీరు ఆడితో ఆడుకుంటా నన్ను పందెంలో పెట్టారు మిస్ వెర్లీన్. ముసలమ్మలకి కారు కావాలని."

 "ఆకలిగా ఉంటుంది, ఇంటికి రావే" అంది వెర్లీన్.

"వద్దు" అని రెనెటా మెట్లు దిగిపోయింది.

తర్వాత ఆ పిల్ల కొడుకుల్ని, తమ్ముళ్లను పోగొట్టుకున్న ఇళ్లకు తిరిగి, ఆడవాళ్లను కూడగట్టి ఆ సమాధుల తోట మీద దావా వేసి గెలిచింది. ఆల్విన్‌ను పాతచోటునుంచి తవ్వి తీసుకొచ్చి పెద్ద గేటుకు దగ్గరలో పూడ్చారు. ఆ రోజు వెర్లీన్ కూడా వెళ్లింది, జనం వెనక నిలబడింది. రెనెటా ఆమెను చూసి తల ఊపింది, దగ్గరికి రాలేదు. హోసియా ఏదో అనబోతే వెర్లీన్ ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ఊరుకో. ఆ పిల్ల అన్నదాంట్లో తప్పు లేదు."