అన్నయ్యకి రాని ఆయాసం

ఆ గ్యారేజీకి వచ్చినవాళ్లెవరూ బండికి ఏమైందని అడగరు. ఎక్కడ నొప్పిగా ఉంది మేస్త్రీ, అని అడుగుతారు. మేస్త్రీ బానెట్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు కళ్లు మూసుకుంటాడు. బ్రేకులు అరిగిన బండైతే మడమలు మండుతాయి. బ్యాటరీ నీరసించిందైతే నిలబడ్డచోటే కునుకు పడుతుంది. బండి బాగయ్యేదాకా ఆ బాధ అతన్ని వదలదు కాబట్టి ఎవరి పనీ రేపటికి వాయిదా వెయ్యడు. జనానికి అంతకన్నా ఏం కావాలి? లారీలు మాత్రం ఒప్పుకోవద్దని భార్య రోజూ పోరుతూనే ఉంటుంది.

ఆ ఉదయం అతని చెల్లెలు తన కారు అప్పగించి వెళ్లింది. టైర్లకి గాలి పట్టించుకొస్తానని నిన్న సాయంత్రం మొగుడు తీసుకెళ్లి తెచ్చిన దగ్గర్నుంచీ ఏసీలోంచి వేడి గాలి కొడుతోంది. మామూలు రోజైతే అద్దాలు దించుకుని సర్దుకునేదే. కానీ ఇవాళ మధ్యాహ్నం ఆ కారు ఆస్పత్రిలో చూపించాలి. కిడ్నీలు పాడై రక్తం శుద్ధి చేయించుకునేవాళ్లని ఇళ్లకి దింపే పని. పిండేసిన బట్టల్లా బయటికొచ్చే మనుషులు వాళ్లు, ఎండకి తట్టుకోలేరు. బండి చల్లగా ఉంటేనే ఉద్యోగం, లేదంటే వెనక ఇంకో డ్రైవరు కాచుకుని ఉన్నాడు. పెళ్లయ్యాక ఆమె తనకంటూ కోరుకున్నది ఇదొక్కటే. మొగుడు ఔననలేదు, కాదనలేదు, నీ ఇష్టం అన్నాడు.

ఆమె తిరిగొచ్చేసరికి అన్నయ్య టీ ఊదుకుంటూ కూర్చున్నాడు. ఏసీలో కంప్రెసర్ పోయిందట. కొత్తది వేసినా ఎన్నాళ్లుంటుందో చెప్పలేడట. బండి అమ్మేసి ఇంటిపట్టున ఉండడం మేలట. అన్నయ్య మాటకి ఎదురు ప్రశ్న వెయ్యడం ఆమె ఎరగదు. అతను చెప్పేది నోటితో కాదు, ఒంటితో కదా. కారులో ఉన్న తన సంచీ తీసుకుందామని వెళ్లింది.

అప్పుడు వెనకనుంచి నవ్వు వినిపించింది. స్కూటరు తెచ్చినాయన ఏదో జోకు వేశాడు, అన్నయ్య పొట్ట పట్టుకుని, ఎక్కడా ఆగకుండా నవ్వుతున్నాడు.

ఆమె అక్కడే ఆగిపోయింది. పోయినేడు పక్కవీధి టీచరు కారులో కంప్రెసర్ పోయినప్పుడు ఇదే మనిషి స్టూలు మీద కూలబడి రొప్పాడు. కొత్తది బిగించేదాకా మంచినీళ్లు కూడా గొంతు దిగలేదు. ఇప్పుడు టీ తాగి పకపకా నవ్వుతూ, ఎడమచేతి చిటికెనవేలు మాత్రం పదేపదే నలుపుకుంటున్నాడు. ఆ వేలికి ఎప్పుడు తిమ్మిరెక్కుతుందో చిన్నప్పట్నుంచీ గ్యారేజీలోనే తిరిగిన ఆమెకి తెలుసు. రిలేకి. అగ్గిపెట్టెలో సగం కూడా ఉండదు, కానీ అది లేకపోతే కంప్రెసర్‌కి కరెంటు అందదు.

"నీకు ఆయాసం ఏది అన్నయ్యా?"

అతని నవ్వు ఆగింది. ఈమధ్య వయసు మీదపడి అన్నీ సరిగ్గా తెలియడం లేదని ఏదో నసిగాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి బానెట్ మీద పెట్టింది. చిటికెనవేలు ముడుచుకుపోయింది. ఊపిరి నిక్షేపంగా ఆడుతోంది.

"నిన్న బండి తెచ్చి, ఇది తీసెయ్యమని బావే అడిగాడమ్మా," అన్నాడు తల దించుకుని. "ఎండనకా వాననకా రోడ్ల మీద తిరగడం నీకెందుకన్నాడు. నీ మంచికే అనుకున్నా."

"ఆయన సంగతి వదిలెయ్యి. ఆయన ఎలాంటివాడో నాకు తెలుసు. నా చేతికి స్టీరింగ్ ఇచ్చింది నువ్వు కదా."

అతను చొక్కా జేబులోంచి రిలే తీశాడు. ఆమె అతన్ని ముట్టుకోనివ్వకుండా తనే బిగించి ఇంజన్ స్టార్ట్ చేసింది. ముఖానికి చల్లగాలి తగిలింది. గెలిచానని సంతోషించాలేమో కానీ, ఒంటరిదాన్నయ్యానని మాత్రమే అనిపించింది. అన్నయ్య ఏదో చెప్పబోతూ కారు తలుపు మీద చెయ్యి వేశాడు. మరుక్షణం గుండె పట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు. ఊపిరి అందడం లేదు. బండిలో ఇంకేదో పాడైనట్టుంది, ఒకసారి చూడనివ్వమ్మా అన్నాడు స్కూటరాయన. ఆమె ఇంజన్ శబ్దం విన్నది. ఏ తేడా లేదు. గేరు వేసి వెళ్లిపోయింది.

ఉద్యోగం దొరికింది. ఆ రాత్రి మొగుడికి అన్నం వడ్డించి, కారు తాళాలు తన దిండు కింద పెట్టుకుని పడుకుంది.

వారం తిరక్కుండానే వదిన ఫోన్ చేసింది. ఆమె అప్పుడు ఆస్పత్రి గేటు దగ్గర ఉంది. వెనక సీట్లో ఒక ముసలాయన చల్లదనానికి కళ్లు మూసుకుని హాయిగా నిద్రపోతున్నాడు. మీ అన్నయ్యకి ఆయాసం తగ్గలేదని, వేరే ఏ బండిని ముట్టుకున్నా ఇంకే నొప్పీ తెలియడం లేదని, రెండు రోజులుగా గ్యారేజీ తియ్యలేదని వదిన చెప్పుకొచ్చింది.

"ఒక్కసారి నీ కారు తీసుకురావే. బాగుచేసేస్తే ఈ బాధ పోతుందంటున్నారు."

ఆమె ముసలాయన వైపు చూసి గొంతు తగ్గించింది.

"కారు బాగానే ఉంది వదినా. అన్నయ్య బాగుచెయ్యగలిగింది అందులో ఏమీ లేదు."