కొట్టిన చోట లేని మనిషి

జ్ఞానప్రకాశం అల్లూరులో ఒక హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడు. వయసు నలభై తొమ్మిది. స్వతహాగా కబడ్డీ మనిషి. కాలేజీ రోజుల్లో యూనివర్సిటీ జట్టు తరఫున నాలుగేళ్లు కూతకు వెళ్లి, రెండుసార్లు మోకాలు, ఒకసారి భుజం పాడుచేసుకుని, ఆ తర్వాత ఈ ఉద్యోగం సంపాదించుకున్నాడు. బాక్సింగ్ ఆయన జీవితంలోకి ఒక సర్క్యులర్ రూపంలో వచ్చింది. మండలానికి ఒక ఆట చొప్పున పంచుతుంటే అల్లూరు వంతుకి అది పడింది. నెల్లూరులో పది రోజుల శిక్షణ ఇచ్చారు. అందులో రెండు రోజులు వాన, ఒక రోజు ఫొటోలు. చివరి రోజు ఆయన పేరు పక్కన కోచ్ అని రాసి సర్టిఫికెట్ చేతిలో పెట్టారు.

సాయంత్రం పూట స్కూలు షెడ్డులో సెంటర్ నడపాలి, ఊళ్లో ఎవరైనా రావచ్చు అన్నారు. మొదటి నెల పదకొండు మంది వచ్చారు. మూడో నెలకి ధనలక్ష్మి ఒక్కతే మిగిలింది.

ధనలక్ష్మి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. వాళ్ల నాన్న రొయ్యల గుంటల దగ్గర కాపలా. పిల్ల సన్నగా ఉంటుంది, ఎక్కువ మాట్లాడదు. కానీ గ్లవ్స్ తొడిగితే ఆ చేతులు కంటికి ఆనేవి కావు. జ్ఞానప్రకాశం రెండు అరచేతులకీ ప్యాడ్లు కట్టుకుని "ఒకటి, రెండు, మూడు, రెండు" అని అరిచేవాడు. ఒకటంటే ఎడమ చెయ్యి తిన్నగా, రెండంటే కుడి చెయ్యి, మూడంటే ఎడమ చెయ్యి పక్కనుంచి. ఆయన నోట్లో చివరి అంకె ఉండగానే నాలుగు దెబ్బలూ పడిపోయేవి. ఏడాది తిరిగేసరికి వరస ఎనిమిదికి పెరిగింది. ఫోన్లో టైము పెట్టి చూశాడు. ఎనిమిది దెబ్బలకీ రెండు సెకన్లు పట్టలేదు.

హెడ్మాస్టర్ కిషోర్ బాబుకి ఇది తెగ నచ్చింది. ఆగస్టు పదిహేనుకి ప్రదర్శన పెట్టించాడు. వార్షికోత్సవానికి పెట్టించాడు. తెలుగు పంతులు గారి రిటైర్మెంట్ సభలో దండలకీ ఉపన్యాసాలకీ మధ్య కూడా పెట్టించాడు. ప్రతిసారీ జనం చప్పట్లు కొట్టారు. అప్పటికి రెండేళ్లు గడిచాయి. ధనలక్ష్మి ఒక్క మనిషితో కూడా పోటీ పడలేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

నెల్లూరులో జిల్లా పోటీలు పెట్టినప్పుడు ఆ అవకాశం వచ్చింది. ఎదురు పడిన మనిషి పేరు మాలకొండమ్మ. సముద్రం ఒడ్డున ఒక పాలెం ఆమెది. ఇరవై ఆరేళ్లు. పొద్దున్నే చేపలు అమ్ముకుని, భర్తనీ మూడేళ్ల బిడ్డనీ వెంటబెట్టుకుని వచ్చింది. భర్త బిడ్డని ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. మాలకొండమ్మకి తెలిసిన దెబ్బ ఒక్కటే, ఎడమ చెయ్యి తిన్నగా. అది కూడా నిదానంగా వస్తుంది.

గంట మోగింది. ధనలక్ష్మి ముందుకు దూకి ఎనిమిదీ కొట్టింది. ఒకటి మాలకొండమ్మ గ్లవ్ మీద పడింది, రెండు భుజం మీద పడ్డాయి. మిగతా ఐదూ గాలికి తగిలాయి. మాలకొండమ్మ ఒక అడుగు పక్కకి వేసి, తన ఎడమ చెయ్యి తీసి ధనలక్ష్మి ముక్కు మీద పెట్టింది. పెట్టిందనే అనాలి. అంత తాపీగా.

విరామంలో జ్ఞానప్రకాశం నీళ్లు తాగిస్తూ, "స్పీడు పెంచమ్మా" అన్నాడు. రెండో రౌండులో ఆమె స్పీడు పెంచింది. ఇంకా స్పీడుగా గురి తప్పింది. మూడో రౌండు అయ్యేసరికి ఆమె ముక్కు ఎర్రబడింది, మనిషి ఊగిపోతోంది. ఐదుగురు జడ్జీలూ మాలకొండమ్మకే ఇచ్చారు.

హెడ్మాస్టర్ ఫోన్ చేశాడు.

"ఓడిపోయింది సార్," అన్నాడు జ్ఞానప్రకాశం. "ఎదుటి అమ్మాయి సహకరించలా."

"అదెట్టా కుదురుతాది? కంప్లైంట్ ఏమన్నా ఇయ్యొచ్చేమో కనుక్కోండి."

జ్ఞానప్రకాశం కనుక్కోలేదు. హాలు బయట మాలకొండమ్మ బిడ్డకి ఇడ్లీ తినిపిస్తుంటే దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"ఏం జేసినావమ్మా నువ్వు? నాకు అర్థం గాలా."

ఆమె మొహమాటపడింది. "నేనేం జేసినా సార్. ఆ బిడ్డ కొట్టే చోట నేను లేను, అంతే."

"మరి యాడుండావు?"

"పక్కన."

సోమవారం సాయంత్రం మామూలుగానే ప్యాడ్లు కట్టుకున్నాడు. ధనలక్ష్మి కొడుతోంది. ఆయన మొదటిసారి ఆమె చేతుల్ని కాకుండా తన చేతుల్ని చూసుకున్నాడు. దెబ్బ వచ్చే ముందు ప్యాడు జానెడు దూరం ముందుకి పోయి పిడికిలిని అందుకుంటోంది. ఎడమ దెబ్బకి ఎడమ పక్కకి, కుడి దెబ్బకి కుడి పక్కకి, తప్పకుండా, పద్ధతిగా పోతోంది. రెండేళ్లుగా అలాగే పోతోందని ఆయనకి తెలిసింది.

ఇంటికి వెళ్లి భార్య ఆనందకుమారికి చెప్పాడు. ఆమె ప్రభుత్వాసుపత్రిలో నర్సు.

"అంటే ఆ బిడ్డ నీ చేతుల్ని కొట్టలా. నీ చేతులే పోయి ఆ బిడ్డకి తగిలినాయి," అంది ఆమె, కూరగాయలు తరుగుతూ.

"అంతే."

"ఇంక ఆ బిడ్డ ఒకర్ని కొట్టడం ఎప్పుడు నేర్చుకుంటాది?"

మర్నాడు ప్యాడ్లు కట్టుకోకుండా ధనలక్ష్మిని కూర్చోబెట్టాడు. ఈ మాట చెప్పడానికి ఆయన పొద్దుటి నుంచీ కూడదీసుకుంటున్నాడు.

"ధనలక్ష్మీ, నాకు బాక్సింగ్ రాదమ్మా."

"తెలుసు సార్."

"ఎప్పట్నుంచి?"

"మొదటి వారం నుంచి. మీరు పక్కకి పోయి ఫోన్లో చూసుకోని వచ్చి చెప్తా ఉంటిరి గదా."

"మరి ఎందుకు వస్తా ఉండావు?"

"ఊళ్లో ఇంకో సెంటర్ లేదు సార్."

"నాకు కబడ్డీ వచ్చు," అన్నాడు. "ఒకరి చేతికి చిక్కకుండా ఉండేది వచ్చు. అదొక్కటీ బాగా వచ్చు."

షెడ్డులో సున్నంతో నాలుగు గీతలు గీసి, హెడ్‌గార్డ్ పెట్టుకుని, లోపలికి దిగాడు. ఎనభై రెండు కిలోల మనిషి. నియమం చిన్నది. ఆమె ఎంత గట్టిగానైనా కొట్టొచ్చు. ఆయన కొట్టడు, కానీ ఆమె కొట్టి ఖాళీ అయినప్పుడల్లా అరచేత్తో నుదుటి మీద తడతాడు.

మొదటి వారం ఆమె కొట్టిన ఒక్క దెబ్బా ఆయనకి తగల్లేదు. ఆమె నుదురు మాత్రం ఎర్రబడింది. ఐదో రోజు గ్లవ్స్ విప్పి నేలకేసి కొట్టింది.

"మీరు ఒక చోట నిలబడరేంది సార్!"

"మాలకొండమ్మ నిలబడిందా?"

ఆమె వెళ్లిపోయింది. రెండు రోజులు రాలేదు. జ్ఞానప్రకాశం ఆ రెండు రోజులూ ఒక్కడే షెడ్డులో కూర్చుని, సెంటర్ మూతపడిందని పైకి ఎలా రాయాలో ఆలోచించాడు. మూడో రోజు ధనలక్ష్మి వచ్చి, ఏమీ జరగనట్టు చేతులకి గుడ్డ చుట్టుకుంది.

ఆ రోజు నుంచి ఆమె కొట్టడం తగ్గించింది. గీతల్లో ఆయన చుట్టూ తిరుగుతూ ఆయన పాదాలు చూసేది. ఎడమ భుజం కొంచెం కదిపేది. ఆయన ఎటు పోతున్నాడో చూసి, మళ్లీ ఊరుకునేది. ఇది ఆయనకి ఎనిమిది దెబ్బలకంటే ఇబ్బందిగా ఉండేది. కూతకు వెళ్లినప్పుడు అరిచే ఆటగాళ్లని ఆయన ఎన్నడూ లెక్కచేయలేదు. మాట్లాడకుండా కాళ్లు చూసేవాళ్లే పట్టుకునేవాళ్లు.

నాలుగో వారంలో, ఒక గురువారం, ఆమె ఎడమ చెయ్యి సగం దాకా తీసి ఆపింది. ఆయన అలవాటుగా ఆమె కుడి పక్కకి జరిగాడు. ఆమె కుడి పిడికిలి అప్పటికే అక్కడికి బయల్దేరి ఉంది. నేరుగా మూతి మీద పడింది.

"సార్! తగిలిందా?"

ఆయన తల ఊపాడు. నోట్లో ఉప్పగా ఉంది. దవడ ఎక్కడుందో తెలియడం లేదు. అయినా లోపల ఒక పెద్ద సంతోషం పుట్టింది. చూపించుకోవడానికి మొహం సహకరించలేదు.

ఆసుపత్రిలో ఆయన పెదవికి రెండు కుట్లు పడుతుంటే ఆనందకుమారి దగ్గరుండి చూసింది.

"ఎవరు కొట్టినారు?"

"నా శిష్యురాలు."

"ఎందుకు?"

"నేనే నేర్పించినా."

ఆమె దూది పారేసి తర్వాతి పేషెంటుని పిలిచింది.

ఆరు నెలలకి మళ్లీ జిల్లా పోటీలు. ఫైనల్లో మళ్లీ ఆ ఇద్దరే. ఈసారి కిషోర్ బాబు కూడా ఇద్దరు టీచర్లని వెంటబెట్టుకుని వచ్చాడు. మొదటి రౌండంతా కలిపి ధనలక్ష్మి పది దెబ్బలు కూడా కొట్టలేదు. హెడ్మాస్టర్ వెనక నుంచి వంగి, "ఆ బిడ్డకి జ్వరమా?" అని అడిగాడు.

"లేదు సార్. చూస్తా ఉండాది."

"ఏం చూస్తా ఉండాది?"

"కాళ్లు."

రెండో రౌండులో మాలకొండమ్మ ఎడమ చెయ్యి వచ్చింది. ధనలక్ష్మి తల వెనక్కి తీసుకుంది. తన ఎడమ చెయ్యి చూపించింది. మాలకొండమ్మ పక్కకి అడుగు వేసింది, అక్కడ కుడి చెయ్యి ఉంది. హాల్లో ఆ చప్పుడు అందరికీ వినబడింది. అలాంటివి ఆ రౌండులో మూడు జరిగాయి. మూడో రౌండులో మాలకొండమ్మ వీపు తాళ్లకి ఆనింది. ఇక పోవడానికి చోటు లేదు. అప్పుడు ధనలక్ష్మి పాత వేగం మొత్తం బయటికి తీసి నాలుగు కొట్టింది. నాలుగూ తగిలాయి. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు ధనలక్ష్మికి ఇచ్చారు, ఇద్దరు మాలకొండమ్మకి ఇచ్చారు.

కిషోర్ బాబు అభినందించాడు కానీ ఆయన మొహంలో కళ లేదు. "గెలిచింది, సంతోషం. కానీ ఇది స్టేజీ మీద పెడితే ఎవరూ చూడరు," అన్నాడు.

మాలకొండమ్మ దవడ రుద్దుకుంటూ వచ్చింది. ఓటమి ఆమెకి నచ్చలేదు. కానీ ధనలక్ష్మి చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అప్పుడు దూదిలాగుండె. ఏం జేసినావు మే?"

"మా సార్ని కొట్టినాను అక్కా. రోజూ."

మాలకొండమ్మ జ్ఞానప్రకాశం పెదవి మీద మచ్చ చూసి, నమ్మింది.

రాష్ట్ర పోటీల్లో ధనలక్ష్మి రెండో మ్యాచ్‌లో ఓడిపోయింది. పోలీసు డిపార్ట్‌మెంటు అమ్మాయి, ఎడమచేతి వాటం. ధనలక్ష్మి చూసుకున్నవన్నీ ఆ అమ్మాయి దగ్గర తిరగబడ్డాయి. జడ్జీలు సరిగ్గానే ఇచ్చారు. ఆ విషయంలో ఇద్దరికీ అనుమానం లేదు.

తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నం రైలు ఒంగోలు దాటింది. అప్పటిదాకా కిటికీలోంచి చూస్తున్న ధనలక్ష్మి తిరిగి, "ఆ అమ్మాయి నా ముందు కాలికి బయటి పక్కన కాలు పెడతా ఉండె సార్," అంది.

"పెడితే?"

"పెడితే నేను యాడికి పోయినా ఆ ఎడమ చెయ్యే ఎదురొస్తాది."

ఆయనకి అర్థం కాలేదు. కాలేదని చెప్పాడు. ఆమె లేచి, సీట్ల మధ్య దారిలో ఎదురుగా ఆయన్ని నిలబెట్టి, కాలు ఎక్కడ పెట్టాలో చూపించింది. రైలు ఊగుతోంది. ఎదుటి సీటాయన టీ కప్పు తీసుకుని వేరే చోటికి వెళ్లి కూర్చున్నాడు.

"ఇప్పుడు కొట్టండి సార్," అంది ధనలక్ష్మి. "నిదానంగా."

ఆయన కొట్టాడు. ఆమె లేదు. అరచెయ్యి వచ్చి ఆయన నుదుటి మీద పడింది.

"ఇంకోసారి చూపించు," అన్నాడు జ్ఞానప్రకాశం.