వంతెన మీద పిలుపు

మర్నాడు పూడ్చిపెట్టాల్సిన మా నాన్న అస్థికలను రాతివంతెన మీదుగా తీసుకువెళ్లవద్దని చెప్పడానికి పర్యాటక కంపెనీ మేనేజరు ఫాంగ్ మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. పండ్ల బుట్ట తెచ్చాడు. నాన్న ఫొటో ముందు మూడుసార్లు వంగి నమస్కరించాడు. మర్యాదలో లోపమేమీ లేదు.

"వెనక సందు ఉంది కదా టీచర్‌గారూ. పొద్దున్నే శుభ్రంగా కడిగిస్తాను," అన్నాడు.

వెనక సందు చెత్తబండ్లు వెళ్లే దారి.

నేను ఉషీ నగరంలో పిల్లలకు భాష నేర్పుతాను. కోపం వచ్చినప్పుడు మాట తగ్గించుకోవడం అలవాటు చేసుకున్నాను. లియన్‌పూ నేను పుట్టిన ఊరు. కాలువలూ పాత ఇళ్లూ ఉన్నాయని దానికి గేటు పెట్టి, టిక్కెట్లు అమ్ముతున్నారు. నాన్న పోయాడని పరామర్శకు వచ్చిన చుట్టాలను గేటు దగ్గర ఆపి, ఏ హోటల్లో గది తీసుకున్నారని అడిగారు.

నాన్న వంటవాడు. ఊళ్లో ఎవరు పోయినా, ఆ రోజు బంధువులకు సోయా జున్నులాంటి టోఫుతో పెట్టే భోజనం ఆయనే వండేవాడు. పోయినవాళ్లందరూ రాతివంతెన దాటే శ్మశానానికి వెళ్లారు. వంతెన మీద కొడుకో కూతురో వాళ్లను గట్టిగా పిలవాలి. పిలవకపోతే ప్రాణం నీళ్ల దగ్గరే ఆగిపోతుందంటారు. నాన్నను నేను పిలవాలి. నాకు కావలసింది అంతే.

"పది గంటలకు అక్కడ యాత్రికుల కోసం రోజూ చేసే మా పెళ్లి ఊరేగింపు ఉంటుంది," అన్నాడు ఫాంగ్. "సెలవు రోజులు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు సరదాగా చూస్తుంటే అస్థికలు ఎదురైతే ఏం బాగుంటుంది? పోనీ, సాయంత్రం వెళ్లండి."

మా మేనత్త చేతిలో గిన్నె పక్కన పెట్టింది. "పొద్దు వాలాక ఎవరైనా మట్టి చేస్తారా? మీ ఇంట్లో అలాగే చేశారా నాయనా?"

"అది కాదు పెద్దమ్మా..."

"మీ పెళ్లికూతురు నిన్న పెళ్లాడింది. రేపూ పెళ్లాడుతుంది. ఎల్లుండీ పెళ్లాడుతుంది. దానికి విసుగే లేదు. మా అన్న ఒక్కసారే పోయాడు. ఎవరు ఎవరికి దారి ఇవ్వాలి?"

తమ్ముడు దెషెంగ్ అంత దుఃఖంలోనూ నవ్వు ఆపుకోలేకపోయాడు. ఫాంగ్ నవ్వలేదు. "నేను చెప్పాల్సింది చెప్పాను," అని లేచాడు.

మర్నాడు అందరం తెల్లబట్టలు కట్టుకున్నాం. తమ్ముడు ఫొటో పట్టుకుని ముందు నడిచాడు. ఎర్రగుడ్డ చుట్టిన అస్థికల పెట్టె నా చేతుల్లో ఉంది. అత్త దాని మీదికి నల్లగొడుగు పట్టింది. పెందలాడే బయలుదేరాం కానీ వీధి కదలనివ్వలేదు. పంది మాంసం అంగళ్ల ముందూ, టోఫు వేపుడు బండ్ల ముందూ యాత్రికులు గుంపులుగా నిలబడి ఉన్నారు. "దారి ఇవ్వండి, దారి," అని తమ్ముడు బతిమాలుతుంటే, పుల్లకు గుచ్చిన టోఫు కొరుకుతూ ఒకామె పక్కనామెతో, "వేషాలకు బట్టలు భలే కుట్టించారే," అంది.

వంతెన సగం ఎక్కేసరికి అవతలి వైపు నుంచి సన్నాయి వినిపించింది. ఎర్ర పల్లకీ ఎదురొచ్చింది. లోపల అద్దె పట్టుబట్టల్లో ఒక యాత్రికురాలు తనను తానే ఫొటో తీసుకుంటోంది.

"టీచర్‌గారూ, రెండు నిమిషాలు వెనక్కి దిగండి!" కింద నుంచి ఫాంగ్ మైకులో అరిచాడు.

పోయినవాళ్లను తీసుకువెళ్లేవాళ్లు వెనక్కి అడుగు వేయరు. ఆ సంగతి ఫాంగ్‌కు తెలుసు. అతనూ ఈ చుట్టుపక్కలవాడే. నేను నిలబడిపోయాను. సన్నాయి ఆగింది. పల్లకీ మోసేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, పిట్టగోడ వైపు ఒదిగి దారి ఇచ్చారు.

"ఏమైంది? నా ఊరేగింపు అయిపోయిందా?" అంది పల్లకీలో పెళ్లికూతురు.

నేను పిలిచాను.

"నాన్నా, వంతెన మీద ఉన్నాం. మెట్లు జాగ్రత్త. రా నాన్నా, దాటుదాం."

ఫోన్లలో వీడియో తీస్తున్న జనం చప్పట్లు కొట్టారు. "ఇంకోసారి!" అన్నారెవరో.

నేను తల తిప్పలేదు. ఎంతోమంది దుఃఖంలో ఉన్నప్పుడు నాన్న వాళ్లకు అన్నం వండిపెట్టాడు. ఆయన వంతు వచ్చినప్పుడు దొరికింది ఇది.

కొన్ని వారాల తర్వాత ఫాంగ్ ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం దాగలేదు.

"టీచర్‌గారూ, ఆ వీడియో ఎంతమంది చూశారో! వచ్చినవాళ్లందరూ అదే అడుగుతున్నారు. పెళ్లి ఊరేగింపు తర్వాత ఆ పిలుపు ఘట్టాన్నీ చేర్చాం. గౌరవంగానే చేస్తున్నాం. మీరొకసారి వచ్చి తప్పులుంటే దిద్దాలి."

దిద్దడం నా వృత్తి. వెళ్లాను.

వంతెన పక్క మెట్టు మీద తెల్లబట్టలు కట్టుకున్న ఒక అమ్మాయి ఆవిరి రొట్టె తింటోంది. ఒళ్లో ఎర్రగుడ్డ చుట్టిన పెట్టె.

"చూడ్డానికొచ్చారా పిన్నిగారూ?" అంది. "కాసేపట్లో మొదలవుతుంది. ముందుకొచ్చి నిలబడండి. నేను బాగా ఏడుస్తాను."

ఆమె పేరు ఛియావోలింగ్. అన్‌హుయ్ రాష్ట్రం నుంచి పనికి వచ్చిందట.

"మీ నాన్న ఉన్నారా అమ్మా?"

"ఎందుకు లేరు? టీతోటలో పని. మోకాళ్ల నొప్పులు తప్పితే బానే ఉన్నారు."

"మరి ఇక్కడ రోజూ ఎవరిని పిలుస్తున్నావు?"

నమలడం ఆపింది. "వాళ్లు చెప్పమన్నారు, చెబుతున్నాను."

"ఆ పిలుపు పోయినవాళ్లది. తండ్రి బతికుండగా ఎవరూ ఆ మాట అనరు, ఆయనకు కీడు."

ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. ఆమె పెట్టెను మెట్టు మీద పెట్టి, చేతులు బట్టలకు తుడుచుకుంది. ఫోన్ తీసుకుని దూరంగా వెళ్లింది. "నాన్నా, తిన్నావా? ఊరికే చేశాలే," అనడం వినిపించింది.

ఫాంగ్ మెడలో మైకుతో వచ్చాడు. "ఏదీ ఆ పిల్ల? జనం ఎదురుచూస్తున్నారు!" పెట్టె తీసి పల్లకీ మోసే కుర్రాడికి అందించబోయాడు. "ఈ పూటకు నువ్వు పట్టుకో."

"మా నాన్న ఇంట్లో ఉన్నాడు సార్. నేను ముట్టుకోను."

"పాన్, మీ నాన్న లేడు కదా? నువ్వు పట్టు."

పాన్ కూడా పల్లకీ మోసేవాడే, వయసులో పెద్దవాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "మా నాన్న పోయాడు. అందుకే పట్టుకోను."

ఫాంగ్ నా వైపు తిరిగాడు. "ఏం చెప్పారు వీళ్లకు? దిద్దమని పిలిచాను, చెడగొట్టమని కాదు. ఇది ఖాళీ పెట్టె టీచర్‌గారూ! ఉత్త చెక్క!"

"అయితే మీరే పట్టుకుని పిలవండి," అన్నాను. "మీ నాన్నగారు కులాసాయే కదా?"

అతను చేతుల్లోకి చూసుకున్నాడు. జనం ఫోన్లు పైకెత్తి ముందుకు జరిగారు. పెట్టె ఒంటికి తగలకుండా రెండు చేతులూ ముందుకు చాచి, ఎక్కడ దించాలో తోచక, ఫాంగ్ ఒక్కొక్క మెట్టే దిగసాగాడు.