అంకమ్మ వదిన గాలం

మా వీధిలోని అంకమ్మ వదిన దగ్గర్నుంచి తెచ్చిన గాలం తిరిగి ఆమె ఇంటికి చేరిందా లేదా అన్న అనుమానం తొమ్మిదేళ్లుగా నన్ను వదల్లేదు.

మా బావిలో పడ్డ బకెట్ తీయడానికి తెచ్చిన నాలుగు కొక్కేల గాలం అది. నేను ప్రార్థనకు వెళ్లి వచ్చేసరికి బకెట్ గట్టు మీద ఉంది. "గాలం ఇచ్చేశారా?" అని మా ఆయన జయపాల్‌ని అడిగాను. "వాళ్ల అరుగు మీద పెట్టొచ్చాను" అన్నాడు.

అంకమ్మ వదిన అందలేదంది. పంపు దగ్గర పదిమందిలో నన్ను దొంగంది. నేను బైబిలు మీద చేయి పెట్టి, ఇచ్చేశామని ఒట్టేశాను. ఒట్లు వద్దని పాస్టరుగారు చెబుతూనే ఉంటారు. ఆ రోజు వినలేదు. అప్పటినుంచి మాకు మాటల్లేవు.

మా ప్రత్తిపాడుది రేగడి నేల. వాన పడితే సిమెంటు ఒరల సందుల్లోంచి బావిలోకి మట్టి దిగుతుంది. బిందెకు నాలుగు మడతల గుడ్డ కట్టేదాన్ని, పటిక తిప్పేదాన్ని, చిల్లగింజ అరగదీసి కలిపేదాన్ని. అయినా తెల్లారేసరికి అడుగున వేలెడు మడ్డి. పూడిక తీయిద్దామంటే మా ఆయనది ఒకటే మాట. "కదిపితే ఊట పోతుంది." చర్చి కప్పుకు అడక్కుండానే డబ్బిచ్చిన మనిషి, ఇంటి నీళ్లకు ఎందుకు వెనకాడతాడు? దేవుణ్ణి కూడా అడిగాను. జవాబు రాలేదు.

మొన్న ఏప్రిల్‌లో ఆయన మిరపకాయలు వేసుకుని గుంటూరు యార్డుకు వెళ్లాడు. నేను పూడిక తీసే యేసుపాదాన్ని పిలిపించాను. యాభై బకెట్ల బురద పైకి వచ్చాక లోపలినుంచి కేకేశాడు.

"అమ్మా, కాలికేదో గుచ్చుకుంది. చూసుకో."

బకెట్‌లో గాలం. దానికి మూరెడు తెగిన తాడు.

సాయంత్రం మా ఆయన వచ్చి గట్టు మీద దాన్ని చూశాడు. ఏమిటిదని కూడా అడగలేదు.

"బకెట్ వచ్చాక, పాత చేద కూడా దొరుకుతుందేమోనని మళ్లీ వేశాను. తాడు తెగింది. చెబితే అరుస్తావని..."

"అరిస్తే ఒక పూట అరిచేదాన్ని. బైబిలు మీద చేయి పెడుతుంటే పక్కనే ఉన్నారు కదండీ."

"నేను పెట్టమనలేదుగా."

"ఆపలేదుగా. ఊట పోతుందన్నది ఇందుకేనా? తొమ్మిదేళ్లు నాచేత బురద తాగించారు."

"నేనూ తాగాను."

ఆ మాటకు నా ఒళ్లు మండిపోయింది. ఇటుకపొడితో గాలాన్ని తోమి ఆయన చేతిలో పెట్టాను. "పదండి. ఆ రోజు పెట్టొచ్చానన్న అరుగు మీద ఇప్పుడు పెట్టండి."

వీధంతా చూస్తుండగా ముందు ఆయన, వెనక నేను నడిచాం.

అంకమ్మ వదిన అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది. గాలాన్నీ మమ్మల్నీ మార్చి మార్చి చూసింది.

"తొమ్మిదేళ్లు నానబెట్టారే. మెత్తబడిందా?"

"నేను వేసింది అబద్ధపు ఒట్టు వదినా. తెలియక వేశాను. రేపు పంపు దగ్గరే అందరికీ చెబుతాను."

"చెప్పు మరి. నేను వినడానికొస్తాను." ఇంకా కోపంగానే ఉంది. ఉండనీ, నాకూ దిగలేదు. "ఏరా జయపాలూ, నోరు లేదా?"

మా ఆయన వంగి గాలాన్ని అరుగు మీద పెట్టాడు. ఆమె నాలుగు కొక్కేలూ ఒక్కొక్కటే తడిమి చూసుకుంది.

"తాడేదిరా?" అంది.

ఆయన వెనక్కి తిరిగి కొట్టుకు వెళ్లాడు, కొత్త తాడు తేవడానికి. తెచ్చి ముడి వేసేదాకా నేను అక్కడే నిలబడ్డాను.