టేపు పెట్టని తల

ఉదయం తొమ్మిదింటికి షట్టరు ఎత్తడం, గుమ్మం ఊడ్చడం, మెత్తటి గుడ్డతో హెల్మెట్ల అద్దాలన్నీ తుడవడం, ఆ తర్వాత మెడలో టేపు వేసుకుని స్టూలు మీద కూర్చోవడం. పదకొండేళ్ళుగా కొలతలక్క దినచర్య ఇదే. ఆమెకో పేరు ఉండే ఉంటుంది గానీ టైర్ల కొట్టు వాళ్ళ దగ్గర్నుంచి తాళాలు బాగుచేసే ముసలాయన దాకా ఆ వీధిలో అందరికీ ఆమె కొలతలక్కే.

హెల్మెట్ కొనడానికి వచ్చినవాళ్ళు ముందు రంగు చూస్తారు. ఆ తర్వాత అద్దంలో తమ మొహం చూసుకుంటారు. కొలతలక్క మాత్రం తల చూస్తుంది. కనుబొమల పైన ఒక వేలి మందం వదిలి, చెవుల మీదుగా, వెనక ఎత్తుగా ఉండే చోటు దాకా టేపు తిప్పుతుంది. జడయినా ముడయినా విప్పి తీరాల్సిందే. "నాకు కావలసింది తల కొలతమ్మా, జుట్టుది కాదు" అంటుంది. హెల్మెట్ పెట్టాక బుగ్గలు కాస్త నొక్కుకోవాలి. తల అడ్డంగా ఊపితే అదీ తలతోపాటు తిరగాలి. గడ్డం కింద పట్టీలో రెండు వేళ్ళు దూరాలి, మూడోది దూరకూడదు. ఇవన్నీ అయ్యాక బకిల్ బిగించి, "ఏం వినిపిస్తోంది?" అని అడుగుతుంది.

ఆ కొట్లో ఏ హెల్మెట్ పెట్టుకున్నా, బకిల్ టిక్కుమనగానే, ఆ తల మీదనుంచి అది ఆఖరిసారి వేరయ్యేటప్పటి చప్పుడు లోపల వినిపిస్తుంది. ఒకరికి గేటు కిర్రుమంటుంది. ఒకరికి "నాన్నొచ్చాడు" అని పిల్లలు అరుస్తారు. మొన్నొకాయనకు వేరే కొట్లో ఇంకో హెల్మెట్ బేరమాడుతున్న తన గొంతే వినిపించింది, యజమాని పెద్దాయన ఆ పూటంతా మొహం ముడుచుకుని కూర్చున్నాడు. వాళ్ళు విన్నది చెబితే కొలతలక్క అట్టపెట్టె మూత లోపల, సైజు పక్కనే, పెన్సిలుతో రాసిపెడుతుంది.

చప్పుడు నచ్చకపోతే ఇంకోటి చూపిస్తుంది. మంచి చప్పుళ్ళు తల మారితే మారిపోతాయి. చెడ్డవి మాత్రం ఒకసారి పట్టాయంటే వదలవు. అలాంటివాటిని పై అరలో, ముందు భాగం గోడవైపు తిప్పి పెడతారు. కంపెనీకి తిప్పి పంపుదామంటే వాళ్ళ ఫారంలో పగుళ్ళకూ గీతలకూ గడులున్నాయి గానీ దీనికి లేదు. ఇప్పటికి పైన తొమ్మిది చేరాయి. మబ్బు పట్టిన మధ్యాహ్నాలు ఒకదాంట్లోంచి లారీ హారనూ, ఇంకోదాంట్లోంచి నీళ్ళు బుడబుడలాడే చప్పుడూ కిందికి వినిపిస్తాయి. టీ తెచ్చే ఆవిడ, "పైన గోలగా ఉందే, వానొచ్చేట్టుంది" అంటూ గ్లాసులు పెట్టి పోతుంది.

కొలతలక్క సొంత హెల్మెట్ తలుపు వెనక మేకుకు వేలాడుతుంటుంది. అయిదేళ్ళకోసారి మార్చాలని వచ్చినవాళ్ళందరి చెవుల్లో ఇల్లు కట్టుకుని చెప్పే మనిషి, తనది మాత్రం తొమ్మిదేళ్ళుగా మార్చలేదు. పసుపు రంగు వెలిసిపోయింది, మెత్తలు చిరిగిపోయాయి. అయినా సరే. అందులో తాళం తిరుగుతుంది, తలుపు తెరుచుకుంటుంది, ఓ ముసలి గొంతు "అక్కా, నేనే" అంటుంది.

ఆ గొంతు ఎవరిదో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. తల్లి పోయేనాటికి చెల్లెలికి ఆరేళ్ళు. అన్నం కలిపి పెట్టడం, జడ వెయ్యడం, జ్వరమొస్తే పక్కన కూర్చోవడం అన్నీ కొలతలక్కే చేసింది. పొద్దున్నే ఆ పాత హెల్మెట్ ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని, చెల్లెలు ముసలిదయ్యేదాకా బతుకుతుందన్న మాట విని, మిగతా రోజంతా నిశ్చింతగా ఉండేది.

ఆ శనివారం చెల్లెలు కొట్టుకొచ్చింది. ఇరవై రెండేళ్ళు. నాలుగు నెలల కిందట పెద్ద జ్వరం వచ్చి లేచింది, ఇప్పుడిప్పుడే ఒంటికి రంగు వస్తోంది. రక్తనిధి నుంచి ఆసుపత్రులకు బండి మీద రక్తం చేరవేసే ఉద్యోగం దొరికింది. సోమవారం చేరాలి.

"సోమవారం తలకు ఏం పెట్టుకోవాలో ఇవాళే చూసుకుందామని వచ్చా" అంది, అప్పటికే కళ్ళు కిటికీలో ఉన్న తెల్ల హెల్మెట్ మీద వాలిపోయాయి. ముత్యంలాంటి తెలుపు. నుదుటి మీదనుంచి వెనక్కి సన్నటి చిలకాకుపచ్చ గీత.

"గీత చూసి కొంటారుటే ఎవరైనా?"

"గీతే కాదక్కా. లోపల మెత్తలు చూడు, విప్పి ఉతుక్కోవచ్చు. గాలి ఆడటానికి పైన రెండు కన్నాలున్నాయి. రోజుకు పది గంటలు పెట్టుకోవాలి నేను."

అక్క మురిసిపోయింది. తన దగ్గరే నేర్చిన మాటలు. లోపలి గదిలోంచి ఆ మోడల్‌లో యాభై ఎనిమిది సైజు పెట్టె తెచ్చింది. టేపు మెడలోనే ఉండిపోయింది.

చెల్లెలు పెట్టుకుంది. బకిల్ టిక్కుమంది. ఒక క్షణం చెల్లెలి కళ్ళు ఎటూ చూడకుండా నిలబడిపోయాయి.

"ఏం వినిపిస్తోంది?"

"గేటు" అంది చెల్లెలు. "మన గేటే. కిర్రుమంటోంది."

అక్క మూత లోపల 'గేటు' అని రాసింది. చెల్లెలు మంచినీళ్ళు తాగి వస్తానని లోపలికి పోయింది. పెట్టెలో పెట్టే ముందు వేలిముద్రలు తుడుద్దామని అక్క ఆ హెల్మెట్ ఒళ్ళోకి తీసుకుంది. అప్పుడు వినపడింది. గేటు కాదు. ఖాళీ హెల్మెట్ ఒకటి రోడ్డు మీద దొర్లుతోంది. దొర్లి దొర్లి ఎక్కడో ఆగింది. కుక్క ఒక్కసారి మొరిగింది. ఎవరో మగమనిషి, "ఇది ఎవరిదండీ?" అన్నాడు. దానికి జవాబు లేదు.

కొలతలక్క ఆ హెల్మెట్ స్టూలు మీద పెట్టేసింది. తలుపు వెనక్కి వెళ్ళి తన పాత హెల్మెట్ చెవికి ఆనించుకుంది. తాళం తిరగలేదు. తలుపు తెరుచుకోలేదు. ఎక్కడో ఫ్యాను తిరుగుతోంది, ఖాళీ గదిలో తిరిగినట్టు, అంతే. తొమ్మిదేళ్ళుగా రోజూ విన్న గొంతు లేదు.

చెల్లెలు మూతి తుడుచుకుంటూ వచ్చేసరికి అక్క తెల్ల హెల్మెట్ మళ్ళీ చేతిలోకి తీసుకుని నిలబడింది.

"అబద్ధం చెప్పావు."

చెల్లెలు తల వంచుకుంది. "నాకిది నచ్చిందక్కా. నిజం చెబితే పై అరలో పెట్టేస్తావు."

అక్క బూడిదరంగుది తెచ్చింది, యాభై ఎనిమిది. బకిల్ బిగించింది, విప్పింది, చెవి దగ్గర పెట్టుకుంది. అదే రోడ్డు, అదే కుక్క. నల్లది తెచ్చింది. అందులోనూ అదే మనిషి అదే ప్రశ్న అడిగాడు. ఇక నాలుగోది తెరవడానికి ఆమెకు చేతులు రాలేదు. మూడింటినీ నిచ్చెన వేసుకుని పై అరలో పెట్టింది. అక్కడున్న తొమ్మిదీ, చోటిస్తున్నట్టు, కాస్త పక్కకు జరిగాయి.

"నువ్వు ఆ ఉద్యోగానికి వెళ్ళడం లేదు" అంది నిచ్చెన దిగుతూ.

"వెళ్తున్నా."

"ఏ హెల్మెట్‌లోనూ నువ్వు లేవే. నీకు అర్థమవుతోందా?"

"ఇంట్లో కూర్చుంటే మాత్రం నేనెక్కడున్నాను?" చెల్లెలు నిచ్చెన దగ్గరకొచ్చింది. "నెల రోజులు మంచంలో ఉన్నా. ఎవరిదో రక్తం ఎక్కిస్తేనేగా లేచింది? అది కూడా ఎవరో ఒకరు బండి మీద తెచ్చిందే. నన్ను ఆపకు."

అక్క ఏడ్చింది. జనం తిరిగే వీధికి ఎదురుగా, మెడలో టేపుతో, సిగ్గుపడకుండా ఏడ్చింది.

గల్లా దగ్గర పేపరు చదువుకుంటున్న పెద్దాయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. నలభై ఏళ్ళుగా తలలు చూసినవాడు. ఏ విషయంలోనూ తొందరగా తలదూర్చడు.

"టేపు పెట్టావామ్మా?"

"యాభై ఎనిమిది బాబాయ్. నా చెల్లెలి తల నాకు తెలీదా?"

"తెలుసా అని కాదు. పెట్టావా అని."

కొలతలక్క చెయ్యి మెడలోని టేపు మీదకు వెళ్ళింది. ఊళ్ళో వాళ్ళందరి తలలకూ టేపు పెట్టి, సొంత చెల్లెలి తలకు గుర్తున్న అంకె చెప్పింది. స్టూలు ముందుకు లాగింది. "కూర్చో. జడ విప్పు."

చెల్లెలు కూర్చోలేదు. రెండు చేతులూ వెనక్కి పోయి జడను పట్టుకున్నాయి. "మీద నుంచే పెట్టు."

"విప్పమన్నానా?"

"అక్కా, వద్దు."

అక్క చెయ్యి వేసి లాగింది. జడ మొత్తం ఊడి చేతిలోకి వచ్చేసింది. సవరం. లోపల సొంత జుట్టు బెత్తెడు కూడా లేదు, పలచగా, మాడు కనిపిస్తోంది. జుట్టు ఒత్తుగా కనిపించడానికి సవరం కింద నల్ల గుడ్డ మడతపెట్టి, పిన్నులు గుచ్చి ఉంది.

"జ్వరం తగ్గాక మొత్తం రాలిపోయింది" అంది చెల్లెలు, నేల చూస్తూ. "నువ్వు అంత ఇష్టంగా వేసేదానివి కదా జడ. చూసి బాధపడతావని."

అప్పుడు గుర్తొచ్చింది అక్కకు. మూడు నెలలుగా చెల్లెలు తలుపు వేసుకుని తనే తల దువ్వుకుంటోంది. పెద్దదయింది కదా అనుకుంది తను. పనిలో పడి, ఆ తలను చేత్తో ముట్టుకున్న రోజే లేదు. ఒక్కో పిన్నూ తీసి, ఆ పల్చటి తల మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచింది. తర్వాత టేపు తిప్పింది.

యాభై ఆరు.

ఆ సైజులో తెల్లది ఒకటే ఉంది, కిటికీలో పెట్టిందే. తెచ్చి పెడితే బుగ్గలు నొక్కుకున్నాయి. తల ఊపితే తలతోపాటు తిరిగింది. పట్టీలో రెండు వేళ్ళు దూరాయి, మూడోది దూరలేదు. బకిల్ టిక్కుమంది.

"ఈసారి నిజం చెప్పు."

"దెబ్బ తగిలిందక్కా" అంది చెల్లెలు మెల్లగా. "గట్టిగా."

అక్క హెల్మెట్ తీసి తనూ వింది. ఠప్పుమని పెద్ద చప్పుడు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. కొలతలక్క దాన్ని చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది. ఆపైన బకిల్ టిక్కుమంది. ఎవరో ఆడమనిషి, "మెల్లగా, మెల్లగా తియ్యండి" అంది. ఆ వెంటనే చెల్లెలి గొంతు, బొంగురుగా, విసుగ్గా: "నా సంగతి తర్వాత. ముందు ఆ రక్తం పెట్టె చూడండి, సంచులు చిరిగాయేమో."

"ఇదీ వద్దు" అంది అక్క.

"ఇందులో నేనున్నాను కదక్కా" అంది చెల్లెలు.

కొలతలక్క తలుపు వెనక్కి వెళ్ళింది. పాత హెల్మెట్‌లో తాళం తిరిగింది, తలుపు తెరుచుకుంది, "అక్కా, నేనే" అని ముసలి గొంతు పలికింది. కానీ ఇంతకు ముందు లేనిదొకటి ఇప్పుడుంది. ఆ మాటకు ముందు గడప దాటే అడుగులు. ఒక అడుగు పడుతోంది, రెండోది ఈడ్చుకుంటోంది. అక్క దాన్ని మూడుసార్లు వింది. చెల్లెలికి చెప్పలేదు. తిరిగొచ్చి మూత లోపల 'యాభై ఆరు' అని రాసి, పక్కన 'పెట్టె' అని రాసింది.

సోమవారం చెల్లెలు సవరం లేకుండానే ఉద్యోగానికి వెళ్ళింది.

ఆ తర్వాత కొలతలక్క నాన్నలకు, కొడుకులకు, కొత్తగా పెళ్ళయినవాళ్ళకు కొలతలు తీస్తూనే ఉంది. తెలిసిన తలయినా టేపు పెట్టకుండా సైజు చెప్పడం మానేసింది. పై అరలో కొత్తగా చేరిన మూడూ మాత్రం కుదురుగా ఉండలేదు. గోడవైపు తిప్పి పెట్టినవి తెల్లారేసరికి కిటికీ వైపు తిరిగి ఉండేవి. ఆమె మళ్ళీ తిప్పేది. పెద్దాయన అర అంచుకు ఒక చెక్క కొట్టాడు. మర్నాటికి దాని మేకులు రెండూ గల్లాపెట్టె మీద పక్కపక్కనే పెట్టి ఉన్నాయి.

ఏడో వారం, గురువారం, పట్టపగలు పదకొండున్నరకి కొట్లో ఎవరూ లేరు. కొలతలక్క అద్దాలు తుడుస్తోంది. పై అరలో తొమ్మిదీ ఒక్కసారిగా నోళ్ళు మూసుకున్నాయి. హారన్ లేదు, నీళ్ళు లేవు. తెల్లది అంచు మీదకు వచ్చింది, కాసేపు ఆగింది, కింద పడింది. దాని వెనక బూడిదరంగుది, దాని వెనక నల్లది. మూడూ గుమ్మం దిగి, వీధిలోకి దొర్లుకుంటూ పోయాయి.

కొలతలక్క గుడ్డ వదిలేసి బయటికి నడిచింది. ఆ చప్పుడు ఆమెకు బాగా తెలుసు. నల్లది టైర్ల కొట్టు ముందు కాలవలో పడింది. బూడిదరంగుది ఆగి ఉన్న బండి చక్రానికి ఆనుకుంది. తెల్లది మాత్రం తాళాల కొట్టు దాటి, మలుపు దాకా దొర్లి, ఎవరో మనిషి కాళ్ళ దగ్గర ఆగింది. అక్కడ పడుకున్న కుక్క లేచి ఒక్కసారి మొరిగింది. ఆ మనిషి వంగి హెల్మెట్ తీసుకున్నాడు. లోపలికి చూశాడు, వీధిలోకి చూశాడు.

"ఇది ఎవరిదండీ?"

కొలతలక్క అటు నడవబోతుంటే నడుముకు దోపుకున్న ఫోను మోగింది. తెలియని నంబరు. ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది.

"అక్కా, నేనే." వెనక జనం, వాహనాలు. "భయపడకు. పెట్టెకేం కాలేదు. వేరే అతను తీసుకుని వెళ్ళాడు, టైముకి అందిపోతుంది. నాకు కాలే కొంచెం... లేవలేకపోతున్నా. హెల్మెట్ మాత్రం పగిలిందక్కా, ఆకుపచ్చ గీత మీదే."

"వస్తున్నా" అంది కొలతలక్క. "కదలకు. ఒకసారి దెబ్బ తగిలిన హెల్మెట్ మళ్ళీ పెట్టుకోకూడదు, అక్కడే పడెయ్. కొత్తది తెస్తా."

"టేపు కూడా తీసుకురా" అంది చెల్లెలు. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "జుట్టు కొంచెం వచ్చింది."

మలుపు దగ్గర ఆ మనిషి ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు, తెల్ల హెల్మెట్ రెండు చేతుల్తో పట్టుకుని. ఈసారి గొంతు పెంచి అడిగాడు. "ఎవరిదండీ ఇది?"

కొలతలక్క కొట్లోకి వెళ్ళి పాత పసుపు హెల్మెట్ తలకు పెట్టుకుని, బకిల్ బిగించి, బండి తీసింది. అతని పక్కగా పోతూ చెప్పింది.

"ఎవరిదీ కాదు."