కండ్లు దిద్దని బొమ్మ

నిర్మల్‌లో నకాషీల వాడకు పొద్దు పొడిచేసరికి చింతగింజల బంక వాసన పట్టేది. ఇంటింటా మగవాళ్లు పొనికి చెక్కతో బొమ్మలు చెక్కితే, ఆడవాళ్లు బంక ఉడికించి పూసేవారు. రంగులన్నీ అయ్యాక, అన్నిటికంటే చివర బొమ్మకు కండ్లు దిద్దేవారు. కండ్లు దిద్దితే పని అయిపోయినట్టే. ఆ తర్వాత దాని మీద ఎవరూ కుంచె పెట్టరు.

రాయమల్లు కూడా సీతాఫలాలూ చిలకలూ చేసేవాడే. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన ఏడాది అతనికి వాటి మీద విసుగు పుట్టింది. చెక్క పలకల మీద ఉత్త గీతలు గీయడం మొదలుపెట్టాడు. చిలకా లేదు, చెట్టూ లేదు. గీతలు దగ్గరపడేకొద్దీ పలక లోపలికి కుంగేది. మొదటిదాంట్లో వేలు దూరింది, మరోదాంట్లో మోచెయ్యి మునిగింది. నడుమ నలుపు దట్టంగా పూస్తే లోతు పెరుగుతుందనుకున్నాడు గానీ, నలుపు గోడలా అడ్డం నిలిచింది. దాని అవతల ఉందనిపించేలా సన్నటి బూడిదరంగు గీత ఒకటి లాగితే అప్పుడు తెరుచుకుంది. కండ్లు దిద్దేది లేదు గనక పని అయిపోయిందనే మాటే లేదు, లోతు ఆగడమూ లేదు. పొరుగింటి బుచ్చవ్వ తన పచ్చడి జాడీని చల్లగా ఉంటుందని ఒక పలకలో పెట్టుకునేది.

లోతు కొలిచే పని మాత్రం అతని భార్య కిష్టవ్వది. రాయమల్లు కుంచె పట్టే చెయ్యిని లోపల పెట్టేవాడు కాదు. ఆమె ఇత్తడి చెంబును జారవిడిచాడు, అది మళ్లీ దొరకలేదు. ఆమె పుట్టింటివాళ్లు ఇచ్చిన మేకపిల్లను దింపాడు, అదీ పైకి రాలేదు. కిష్టవ్వ ఏడుస్తుంటే, దాని అరుపు ఎంతసేపు వినబడిందో చెప్పమన్నాడు. అలాంటి మనిషిని వాడంతా గొప్ప పనివాడని మెచ్చుకునేది. నాకైతే ఆ మాట తలచుకుంటేనే ఒళ్లు మండుతుంది.

తలుపంత పలక తయారైన రోజు, నడుముకు తాడు కట్టి ఆమెనే దింపాడు.

"రెండుసార్లు గుంజితె పైకి లాగాలె. మరువకు," అంది కిష్టవ్వ.

"మరువ. అడుగు ఉన్నదో లేదో జర సూసి చెప్పు," అన్నాడతను.

తాడు మూరెడు మిగిలేదాకా దిగిందో లేదో వాకిట్లో జీపు ఆగింది. పట్నంలో పెట్టబోయే ప్రదర్శన కోసం బొమ్మలు ఎంచుతూ ఒక ఆఫీసరు వచ్చాడు. పలక ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఇన్నాళ్లలో ఆ గీతలను బొమ్మ అన్నవాళ్లు లేరు. ఆయన అన్నాడు.

"ఈ బొమ్మ అయిపోయిందా? అయితే ఇప్పుడే తీసుకుపోతాను. సగం పని నాకొద్దు."

తాడు రెండుసార్లు కదిలింది.

లోపల మా ఇంటిది ఉంది సారూ అంటే సరిపోయేది. ఆఫీసరు కాసేపు ఆగేవాడే. కానీ ఆగితే ఆయన మనసు మారుతుందేమోనని రాయమల్లు భయపడ్డాడు. కండ్లు దిద్దినా తడి రంగే కదా, ఆయన అటు తిరగ్గానే తుడిచేద్దామనుకున్నాడు. ఒక చేత తాడు కొసతోపాటే గుడ్డ పట్టుకుని, రెండో చేత కుంచె ముంచి, నలుపు నడుమ కండ్లు దిద్దాడు.

"అయిపోయింది సారూ," అన్నాడు.

పలక చదునైపోయింది. తాడు చెక్కలో బిగుసుకుని మూరెడు కొస బయట వేలాడింది. అదీ పనితనమేననుకుని ఆఫీసరు మురిసిపోయాడు. ఆయన మనుషులు రంగు ఆరకముందే పలకను జీపెక్కించారు. రాయమల్లు గుడ్డ పట్టుకున్న చేత్తోనే సలాం చేశాడు.

కిష్టవ్వ ఏదని బుచ్చవ్వ అడిగితే, బొమ్మతోపాటు పట్నం పోయిందన్నాడు. అది అబద్ధం కూడా కాదు. ఆ తర్వాత అతను గీసిన ఒక్క గీతా కుంగలేదు. ఎంత దగ్గరగా గీసినా చెక్క చెక్కలాగే ఉంది.

చివరికి తనూ పట్నం వెళ్లాడు. ఆమె కోసం వెళ్లాడని చెప్పాలని నాకూ ఉంది. కానీ లోతు ఎలా వచ్చిందో మళ్లీ చూసుకుందామని వెళ్లాడు. ప్రదర్శనలో గోడ మీద పలక ఉంది. కండ్ల రంగు ఎప్పుడో రాయిలా గట్టిపడింది. చుట్టూ జనం చేరి దేనికోసమో ఎదురుచూస్తున్నారు. అంతలో తాడు కొస రెండుసార్లు కదిలింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

రాయమల్లు పరుగున వెళ్లి రెండు చేతులా తాడు పట్టుకుని లాగాడు. కాపలా జవాను వచ్చి అతని వేళ్లు ఒక్కొక్కటే విడదీశాడు.

"గీ బొమ్మ నేనే గీసిన," అన్నాడు రాయమల్లు.

"గీస్తె గీసినవ్. అయిపోయిన బొమ్మకు ఇగ నీతోని ఏం పని? జరుగు, ఎనుకోళ్లు సూడాలె."

రాయమల్లు జరిగాడు. అతని వెనక పిల్లలు మళ్లీ చప్పట్లు కొట్టారు.